స్ట్రావాలో నెలవారీ ఎత్తు సవాలు: బెజవాడ సైక్లిస్టుకు ఎంతవరకు పనికొస్తుంది?

సైకిల్ సవారీలను, పరుగులను నమోదు చేసే స్ట్రావా యాప్ సరదాకు సైకిల్ తొక్కేవారికి నెలనెలా ఇచ్చే సవాళ్లలో, దూరాన్ని కాక ఎక్కిన ఎత్తును మీటర్లలో కూడే సవాలే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. ఇందులో ఎక్కినది జమ అవుతుందే గాని దిగినది తగ్గదు. కాబట్టి 200 మీటర్ల ఎత్తును పదిసార్లు ఎక్కితే 2,000 మీటర్లు లెక్కకు వస్తాయి. అయితే కృష్ణా తీరపు మైదానంలో ఎత్తు దొరకడమే కష్టం. బందరు రోడ్డు మీద ఎంత తొక్కినా మనకు ఫ్లైఓవర్లే కొండలు! 2020లో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్‌తో కూడా అంకె పెద్దగా కదలదు. అసలైన ఎక్కుడు గుంటూరుకు పడమరనున్న కొండవీడు ఘాట్ రోడ్డులో ఉంది. వేసవిలో మాత్రం తెల్లవారకముందే బయలుదేరాలి.

గాలి పీడనాన్ని బట్టి ఎత్తును కొలిచే సైకిల్ కంప్యూటర్ ఉంటే యాప్ దాని లెక్కనే తీసుకుంటుంది. లేనివారికి తన వద్దనున్న ఎత్తుల సమాచారాన్ని వాడుతుంది, కనుక ఒకే దారిలో కలిసి వెళ్లిన ఇద్దరికి వేర్వేరు అంకెలు రావచ్చు. అందరికీ ఒకే లక్ష్యం పెట్టడం నాకు అంతగా నచ్చలేదు, ఎందుకంటే అరకువారికి సులువైనది బెజవాడవారికి భారమవుతుంది. కొత్తవారు ఆ అంకెను పక్కనపెట్టి, మొదటి నెలకు 500 మీటర్లు అనుకుని, మోకాళ్లు ఒప్పుకున్న మేరకే పెంచుకోవడం మేలు. సవాలులో చేరడానికి ఉచిత ఖాతా సరిపోతుంది.