ఏలూరు రోడ్డులో కొన్న గ్లోబు: అతుకు కింద ఒక దేశం

జూన్‌లో బడులు తెరిచిన వారం ఏలూరు రోడ్డులో ఒక స్టేషనరీ షాపులో 12 అంగుళాల గ్లోబు కొన్నాను. 1,650 అన్నాడు, 1,500కి ఇచ్చాడు, పైన చిన్న భూతద్దం ఊరికే ఇచ్చాడు. నేను విజయవాడలోనే ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. బడిలో ఉన్న పాత గ్లోబు మీద ఇంకా సోవియట్ యూనియనే ఉంది. దాన్ని తిప్పుతూ పాఠం చెప్పడం నచ్చక సొంత డబ్బుతో కొన్నాను. నెలపైగా రోజూ వాడాక రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెబుతాను. అచ్చు స్పష్టంగా ఉంది. రంగులు కళ్లకు కొట్టేలా లేవు. స్టాండు బరువుగా ఉండటంతో నలభై మంది పిల్లలు తలో చెయ్యి వేసి తిప్పినా పడిపోలేదు. లోపల ఎల్‌ఈడీ లైటు ఉంది, వేస్తే సముద్రాల లోతులు, పర్వతాలు కనిపిస్తాయి. వైరు మాత్రం బారెడు కూడా లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కోవాల్సిందే. మన దేశం సరిహద్దులు సరిగ్గా ఉన్నాయి. లక్షద్వీప్, అండమాన్ చక్కగా వేశారు.

ఇక అతుకు సంగతి. గ్లోబును రెండు అరగోళాలుగా చేసి భూమధ్యరేఖ దగ్గర అతికిస్తారు. ఆ అతుకు కనబడకుండా పైన సన్నని పట్టీ వేస్తారు. నేను తెచ్చుకున్నదానికి పట్టీ అర సెంటీమీటరు వెడల్పుంది. ఈ సైజు గ్లోబు మీద అర సెంటీమీటరంటే నేల మీద రెండు వందల కిలోమీటర్ల పైమాట. కంపాలా పేరు సగం పట్టీ కిందికి పోయింది. సింగపూర్ అంచున తప్పించుకుంది. నౌరు కోసం పసిఫిక్ అంతా వెతికాను. లేదు. భూమధ్యరేఖకు దక్షిణంగా 60 కిలోమీటర్ల దూరంలో ఉండే దేశం, పట్టీ కింద పడిపోయింది.

చుక్కంత దీవి కనబడకపోతే ఏమైంది అని మా స్టాఫ్‌రూంలో కూడా అడిగారు. నాకు మాత్రం ఆ రాత్రి మనసు కుదురుగా లేదు. నౌరు 21 చదరపు కిలోమీటర్ల దీవి. మన బెజవాడ కార్పొరేషన్‌లో మూడో వంతు ఉంటుంది. జనం 12 వేల మంది దాకా. 1888లో జర్మనీ తీసుకుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా పట్టుకుంది, ఆ తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ముగ్గురూ కలిసి ఏలారు. ఎందుకంటే అక్కడి నేలలో ఫాస్ఫేట్ ఉంది. మన రైతులు ‘సూపర్’ అని బస్తాల్లో కొనే ఎరువు చేసేది ఫాస్ఫేట్ రాయితోనే. ఆ దీవి నడిభాగమంతా తవ్వి తమ పొలాలకు వేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వచ్చి అక్కడివాళ్లను 1,200 మందిని ట్రుక్ దీవులకు పట్టుకుపోయింది. చావగా మిగిలినవాళ్లు 1946 జనవరి 31న మళ్లీ సొంత నేల మీద కాలు పెట్టారు.

ఆ తర్వాత జరిగింది నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. తవ్వకాలతో దీవి బతకడానికి పనికిరాకుండా పోతోందని, 1960లలో ఆస్ట్రేలియా వాళ్లందరినీ క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి మార్చేస్తామంది. మంచి దీవి, పెద్ద దేశం పక్కనే. నౌరు వాళ్లు వద్దన్నారు. అక్కడికి వెళితే ఆస్ట్రేలియాలో కలిసిపోతామే తప్ప నౌరు జనంగా మిగలమన్నారు. 1968 జనవరి 31న, చెరనుంచి తిరిగొచ్చిన ఆ తేదీనే ఎంచుకుని, స్వతంత్రులయ్యారు. తవ్వి పాడుచేసిన నేలకు పరిహారం కోసం 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేశారు, 1993లో రాజీ కుదిరి ఆస్ట్రేలియా డబ్బు కట్టింది. ఫాస్ఫేట్ ఆదాయం నిలవలేదు, తర్వాత చాలా కష్టాలు పడ్డారు, అదీ నిజమే. అంత పోరాడి పటం మీదికి వచ్చినవాళ్లను జిగురు పట్టీ కింద కప్పేస్తే ఎలా ఊరుకుంటాం?

మర్నాడు బడి వదిలాక గ్లోబును అట్టపెట్టెలో పెట్టుకుని ఆటోలో మళ్లీ షాపుకి వెళ్లాను. “బాబూ, ఈ పట్టీ కింద ఒక దేశం ఉంది” అన్నాను. అతను ముందు అర్థంకానట్టు చూశాడు. భూతద్దం ఇచ్చి, పక్కనే ఉన్న అట్లాసులో నౌరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించాను. “ఈ చుక్క కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదమ్మా” అన్నాడు. అన్నాడే గానీ విసుక్కోలేదు. పైనుంచి మూడు పెట్టెలు దింపి, మూడూ విప్పి, కౌంటరు మీద పెట్టి తనే భూతద్దంతో చూశాడు. రెండోదానికి పట్టీ సన్నగా ఉంది. నౌరు చుక్క, పేరులో మొదటి మూడక్షరాలు కనిపిస్తున్నాయి. “ఇది తీసుకోండమ్మా, దొరికింది” అని అతనే సంతోషపడ్డాడు. బిల్లు అడగలేదు, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. షాపుకి నా పూర్తి మార్కులు. తప్పంతా తయారుచేసిన కంపెనీది.

ఆ కంపెనీ మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. చిన్న దీవుల పేర్ల పక్కన బ్రాకెట్లో యజమాని పేరు వేశారు. బెర్ముడా పక్కన యు.కె., గువామ్ పక్కన యు.ఎస్.ఏ., తాహితీ పక్కన ఫ్రాన్స్. అన్ని గ్లోబుల మీదా ఇలాగే ఉంటుందని నాకూ తెలుసు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఆ బ్రాకెట్ చూసి “ఇంకా కాలనీలు ఉన్నాయా టీచర్?” అంది. పుస్తకంలో 1947తో పాఠం అయిపోతుంది కదా, పిల్లలు ప్రపంచమంతటా అయిపోయిందనుకుంటారు.

ఉన్నాయమ్మా అన్నాను. ఐక్యరాజ్యసమితి 1946లో స్వపరిపాలన లేని ప్రాంతాలని 72 పేర్లతో జాబితా రాసింది. 1960 డిసెంబర్ 14న, ఏ ప్రజలైనా తమ భవిష్యత్తు తామే నిర్ణయించుకునే హక్కు ఉందని తీర్మానం చేసింది. 89 దేశాలు ఔనన్నాయి, ఒక్కటీ కాదనలేదు, 9 దేశాలు మాత్రం ఎటూ ఓటెయ్యలేదు. చదువు లేదు, డబ్బు లేదు, ఇంకా సిద్ధంగా లేరు అనే సాకుతో స్వాతంత్ర్యం ఆపకూడదని అందులోనే ఉంది. ఆ జాబితాలో ఈరోజుకీ 17 పేర్లున్నాయి. పది బ్రిటన్ చేతిలో, మూడు అమెరికా చేతిలో, రెండు ఫ్రాన్స్, ఒకటి న్యూజిలాండ్. మిగిలింది పశ్చిమ సహారా. స్పెయిన్ వెళ్లిపోయాక మొరాకో ఆక్రమించిన ఆ నేలలో ఓటింగ్ పెట్టించడానికి 1991లో ఐక్యరాజ్యసమితి బృందం వెళ్లింది. ఆ ఓటింగ్ ఇప్పటికీ జరగలేదు. గ్లోబు మీద అక్కడ చుక్కల గీత ఉంది, ఆ ఒక్క విషయంలో కంపెనీవాళ్లు జాగ్రత్తగానే ఉన్నారు.

మర్నాడు ఆ అమ్మాయి బొట్టుబిళ్లల ప్యాకెట్టు తెచ్చింది. అతి చిన్న సైజు, ఎర్రవి. పదిహేడు చోట్లా పిల్లలే వెతికి అంటించారు. ఒక పీరియడ్ చాల్లేదు, మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా కూర్చున్నారు. పిట్‌కెయిర్న్ దగ్గర బిళ్ల పెడితే దీవీ దాని చుట్టూ ఉన్న సముద్రమూ మునిగిపోయాయి. అక్కడ ఉండేది యాభై మంది లోపే అంటే, “అయితే మా క్లాసంత మంది” అన్నారు. ఇక్కడ గ్లోబును మెచ్చుకోవాలి. పైన వేసిన ప్లాస్టిక్ పూత గట్టిది. బిళ్లలు పీకి మళ్లీ అంటించినా అచ్చు లేవలేదు, జిగురు మరక పడలేదు.

టోకెలావ్ బిళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాం. మూడు పగడపు దీవులు, జనం 1,500 మంది చిల్లర. న్యూజిలాండ్‌తో ఒప్పందం పెట్టుకుని తమను తామే పాలించుకోవాలా అని 2006లో, 2007లో రెండుసార్లు ఓటేశారు. మూడింట రెండొంతులు కావాలి. రెండోసారి 16 ఓట్లు తగ్గాయి. పదహారే. మా క్లాసులో సగం మంది కూడా కాదు. పిల్లలకు అది మింగుడుపడలేదు. “మళ్లీ పెట్టొచ్చు కదా టీచర్” అన్నారు. పెట్టొచ్చు, పెట్టాలో వద్దో చెప్పాల్సింది కూడా వాళ్లే అన్నాను. ఫాక్‌లాండ్ దీవుల లెక్క ఇంకోరకం. 2013లో 1,517 మంది ఓటేస్తే బ్రిటన్‌తో ఉండొద్దన్నది ముగ్గురు. “బ్రిటిష్‌వాళ్లే కావాలన్నారా?” అని ఒకడు లేచి నిలబడ్డాడు. కావాలన్నారు. అక్కడివాళ్లలో ఎక్కువమంది పూర్వీకులు బ్రిటన్ నుంచే వచ్చారు, ఆ దీవులు తమవని అర్జెంటీనా అంటోంది, అది వేరే తగాదా. అక్కడివాళ్లను అడిగారు, వాళ్లు చెప్పారు. నాకు ముఖ్యం అది.

ఇదంతా నాకెందుకింత పట్టింపు అంటే, మాది యానాం. పెళ్లయి విజయవాడ వచ్చాను. మనకు దగ్గర్లో బందరు పరాసుపేటలో కూడా ఫ్రెంచివాళ్ల జాగా ఉండేది, దాన్ని 1947లోనే వదులుకున్నారు. యానాం 1954 దాకా వాళ్ల చేతిలో ఉంది. ఆ ఏడు జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో విలీనవాదులు ఊరిని తమ చేతిలోకి తీసుకున్నారు. అప్పటికి మా నాన్నకు పదేళ్లు. అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది ఇండియాలో కలవాలన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబర్ 1 నుంచి పాలన మారింది. చట్టప్రకారం పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది.

మా నాయనమ్మకు ఇండియాలో కలవడం ఇష్టమే. పుట్టిల్లు కాకినాడ వైపు, గోదావరి ఇవతలా అవతలా మన మాటే, మన మనుషులే. అయినా ఆ రోజుల మాట వస్తే ఒకటే అనేది. “ఎవరడిగేరే మమ్మల్ని? పొద్దున్న లేచేసరికి జెండా మారిపోయింది. అడిగుంటే నేనూ ఔననేదాన్ని.” అలాగే ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న బెంగాల్ ఊరు చందర్‌నగర్‌లో 1949లో జనమే వెళ్లి ఓటేశారు. మా నాయనమ్మకు ఆ వరస దక్కలేదు. ఔననడానికే అయినా తనను అడగాల్సిందని ఎనభై ఏళ్లు దాటాక కూడా అంటూనే ఉండేది.

అదే ఫ్రాన్స్ కింద పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా ఇంకా ఉంది. 1998 ఒప్పందం ప్రకారం అక్కడ మూడుసార్లు ఓటింగ్ జరిగింది. 2018లో స్వాతంత్ర్యం వద్దన్నవాళ్లు దాదాపు 57 శాతం, 2020లో 53. తేడా తగ్గుతోంది. మూడోది కొన్నాళ్లు ఆపండి, కరోనాతో చనిపోయినవాళ్ల మైలలో ఉన్నాం అని అక్కడి మూలవాసులు కనక్‌లు అడిగారు. ఆపలేదు. 2021 డిసెంబర్‌లో వాళ్లు బహిష్కరించగా, వచ్చినవాళ్లలో 96 శాతం మంది వద్దన్నారు. సగం ఇల్లు మైలలో ఉన్నప్పుడు తీసుకున్న సమాధానాన్ని నేను సమాధానమనుకోను. ఓటు ఎవరికి ఉండాలనే గొడవ మీదే 2024 మేలో అక్కడ మంటలు లేచాయి.

బిళ్లలన్నీ అయ్యాక ఒక పిల్లాడు మన కిందనే, హిందూ మహాసముద్రంలో, ఇంకో బ్రాకెట్ చూపించాడు. డియెగో గార్సియా. చాగోస్ దీవుల్లో అదొకటి. అది 17లో లేదు, ఎందుకంటే ఐక్యరాజ్యసమితి లెక్కలో ఆ దీవులు మారిషస్‌వి. మారిషస్ మనకు పరాయిది కాదు, మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు, ఉగాదికి అక్కడ సెలవిస్తారు. మారిషస్‌కు 1968లో స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందే బ్రిటన్ చాగోస్‌ను విడదీసి ఉంచుకుంది. అమెరికా సైనిక స్థావరం కోసం 1968, 1973 మధ్య అక్కడి జనం మొత్తాన్నీ ఓడలెక్కించి దింపేసింది. అది తప్పని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. చాగోస్‌ను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మే 22న బ్రిటన్, మారిషస్ సంతకాలు చేశాయి, డియెగో గార్సియా మాత్రం బ్రిటన్‌కు 99 ఏళ్ల లీజు. మమ్మల్ని కూర్చోబెట్టి అడగలేదని చాగోస్ వాళ్లు చాలామంది అంటున్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గొంతే వినిపించింది. పిల్లలు అక్కడ పద్దెనిమిదో బిళ్ల పెడతామన్నారు. ఎరుపు కాకుండా పచ్చది పెట్టించాను.

గ్లోబుకు ఐదుకు మూడున్నర. అతుకు సరిగ్గా వేసుంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని. కొనేవాళ్లు షాపులోనే పెట్టె విప్పించి, ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా పట్టీ పొడుగునా భూతద్దంతో చూడండి, నౌరు కనిపించే పీస్ దొరికేదాకా అడగండి, వాళ్లు చూపిస్తారు. సగం పోయిన పేరు పట్టీ మీద రాయాలంటే మార్కరు వద్దు, అలుక్కుపోతుంది. సన్నమొన జెల్ పెన్నుతో రాసి ఒక గంట ముట్టుకోకుండా ఉంచితే నిలుస్తుంది. మా దాని మీద ఆ అమ్మాయే రాసింది, తెలుగులో.