పీఆర్పీకి డబ్బు కట్టించుకుని అమ్మ మడమలో స్టెరాయిడ్ వేశారు

మడమ నొప్పి ఇంజెక్షన్ కోసం హైదరాబాద్‌లో క్లినిక్‌లు వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకింకా కోపం తగ్గలేదు.

అమ్మకు ప్లాంటర్ ఫేషియైటిస్, అంటే పాదం అడుగున మడమ నుంచి వేళ్ల దాకా ఉండే గట్టి పట్టీ దెబ్బతిని మడమ నొప్పి పుట్టడం. పొద్దున లేచి కాలు కింద పెట్టాలంటే గోడ పట్టుకోవాల్సిందే. మెత్తటి చెప్పులు, పిక్కల వ్యాయామాలు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాకే ఇంజెక్షన్ దాకా వెళ్లాం. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి స్టెరాయిడ్ వద్దని మొదటి రోజే చెప్పాం, ఫైల్లో రాయించాం కూడా.

స్టెరాయిడ్‌కూ, మన రక్తంతోనే తయారుచేసే పీఆర్పీ ఇంజెక్షన్‌కూ తేడా మేం వెళ్లిన క్లినిక్ వాళ్లే బాగా వివరించారు. స్టెరాయిడ్ చవక, నొప్పి త్వరగా తగ్గుతుంది, కానీ కొన్ని వారాలకో రెండు మూడు నెలలకో తిరగబెట్టొచ్చు. పదేపదే వేస్తే మడమ కిందుండే కొవ్వు మెత్త పలచబడొచ్చు, అరుదుగా పాదం అడుగున ఉండే ఆ పట్టీ తెగిపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులపాటు రీడింగులు పెరుగుతాయి. పీఆర్పీ అయితే మన రక్తమే తీసి, మెషీన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని ఎక్కిస్తారు. ఖరీదు చాలా ఎక్కువ, గుణం నెమ్మదిగా కనిపిస్తుంది, అందరికీ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. అయినా కొన్ని అధ్యయనాల్లో ఆరు నెలలు దాటాక స్టెరాయిడ్ కన్నా మెరుగ్గా ఉందన్నారు. సరేనని ప్యాకేజీ మొత్తం ముందే కట్టాం.

మొదటిసారి మా ముందే రక్తం తీశారు. రెండోసారి నన్ను బిల్లు కౌంటర్ దగ్గర నిలబెట్టి, అమ్మను లోపలికి తీసుకెళ్లి, నేను వెళ్లేసరికి అయిపోయిందన్నారు. రాత్రి అమ్మకు ఒంట్లో బాగోలేదంటే షుగర్ చూశాను. మూడొందలు దాటింది. అప్పుడు చెప్పింది అమ్మ: "ఈసారి రక్తం తియ్యలేదే. ఇంజెక్షన్ మందు కూడా పాలలా తెల్లగా ఉంది."

వెంటనే ఫోన్ చేస్తే కోఆర్డినేటర్, "మొన్న తీసిన రక్తమే దాచి వాడాం మేడమ్" అంది. పీఆర్పీ అప్పటికప్పుడు తయారుచేసి వేస్తారని మాకు చెప్పింది ఈ అమ్మాయే! మర్నాడు ఫైలు పట్టుకుని వెళ్లి నిలదీస్తే మాట మార్చింది. "డాక్టర్ గారు కొంచెం స్టెరాయిడ్ ఇచ్చారు. నొప్పి తగ్గింది కదా? తగ్గితే ఏ ఇంజెక్షన్ అయితే ఏంటి మేడమ్?"

అమ్మ పక్కనే కూర్చుని ఉంది. వద్దని రాయించిన మందును ఆమెకు చెప్పకుండా ఆమె ఒంట్లోకి ఎక్కించి, ఆమె ముందే ఆ మాట! అమ్మ ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "నన్ను ఒక్క మాట అడగొచ్చు కదమ్మా" అంది, అంతే. ఆ అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. డాక్టర్ గది తలుపు తెరుచుకోలేదు. బిల్లులో మాత్రం పీఆర్పీ అనే ఉంది, పీఆర్పీ రేటే వేశారు.

షుగర్ డాక్టర్ గారు మందులు సర్దారు, రీడింగులు దిగుతున్నాయి. స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు, షుగర్ ఉన్నవాళ్లకు కూడా చెప్పి, జాగ్రత్తలు తీసుకుని వేస్తారు. చెప్పకుండా వేయడమే దారుణం.

రికార్డులన్నీ కావాలని రాతపూర్వకంగా అడిగాం. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఇవ్వకపోతే కౌన్సిల్‌కూ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫిర్యాదు చేస్తాం.

మీరు వెళ్తే రక్తం తీయడం, మెషీన్లో పెట్టడం మీ కళ్లతో చూడండి. పీఆర్పీ మామూలుగా లేత పసుపుగానో కాస్త ఎర్రగానో ఉంటుంది, పాలలా ఉండదు. తేడా కనిపిస్తే సూది పడకముందే ఆపి, సీసా మీది పేరు చూపించమనండి. రోగితో పాటు ఒకరు లోపలే ఉండండి, బిల్లు తర్వాత కట్టొచ్చు. ప్యాకేజీ డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు.