నేపాల్ కొండ ఊళ్లలో ఇద్దరం: ఉన్న చోట్లు, చేసిన పనులు

నేపాల్‌లో వాలంటీరింగ్ అని వెతికితే ముందు తగిలేది వారానికి ఇంత అని కట్టించుకునే ఏజెన్సీలే. ఒకళ్లకి ఫోన్ చేసి, మేం కట్టే దాంట్లో ఊరికి ఎంత చేరుతుందని అడిగాం. మాట దాటేశారు. అక్కడితో ఆ దారి వదిలేశాం. పోఖరా, కాఠ్మండూల్లో అనాథాశ్రమాల్లో పిల్లలతో గడపమని పిలిచే వాటి జోలికి అసలు పోలేదు. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు ఉంటారు. చదువు చెప్పిస్తామని కొండల మీంచి తీసుకొస్తారు. చివరికి పోఖరాలో తెలిసినవాళ్ల ద్వారా లమ్‌జుంగ్ జిల్లాలో ఓ చిన్న ఊరి బడి దొరికింది. దాంతోపాటు ఘాంద్రుక్, ఘలేగావ్ కూడా చూశాం.

మేం సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కి రైల్లో వెళ్లి, అక్కణ్నించి బస్సులో సునౌలీ చేరి, సరిహద్దు నడిచి దాటాం. మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవాళ్లు మాత్రం పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకోండి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకి ఆధార్ సరిపోదు. సరిహద్దు అవతలి భైరహవా నుంచి పాల్పా కొండల మీదుగా పోఖరా వెళ్లే బస్సు దారి బాగుంటుంది, నడుముకి కాదు.

ఘాంద్రుక్ చూడ్డానికి మూడింటిలోనూ అందమైనది. రాతి పలకల దారులు, పలకల కప్పుల ఇళ్లు, ఎదురుగా అన్నపూర్ణ సౌత్ శిఖరం, పక్కన చేపతోక లాంటి మచ్ఛపుఛ్రే. మనతో సహా సార్క్ దేశాల వాళ్లకి అన్నపూర్ణ ప్రాంతపు పర్మిట్ వెయ్యి నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి మూడు వేలు. గదులు శుభ్రం, వేడినీళ్లు వస్తాయి. కానీ అక్కడ మనం కస్టమర్లమే. ప్రతి లాడ్జిలోనూ మెనూ కార్డు ఉంటుంది, మన చేతిసాయం ఎవరికీ అక్కర్లేదు. రెండు రాత్రులు విశ్రాంతికి వెళ్లండి, చాలు.

ఘలేగావ్ పద్ధతి మాకు బాగా నచ్చింది. ఎవరింట్లో దిగాలో మనం ఎంచుకోం. ఊరి కమిటీ ఇంటింటికీ వంతు వేస్తుంది, రేటు కూడా వాళ్లదే. బేరం లేదు, ఇంటివాళ్ల మధ్య పోటీ లేదు. గురుంగ్ తెగవాళ్ల ఇల్లు, పొయ్యి చుట్టూ కూర్చుని భోజనం, పొద్దున్నే అన్నపూర్ణ టూ, మనాస్లూ మీద ఎండ. భోజనాలతో కలిపి ఇద్దరికీ రోజుకి మన డబ్బుల్లో రెండు వేలు దాటలేదు. ఆ ఇంటి తాత మన సైన్యంలో గోర్ఖా రైఫిల్స్‌లో చేసి రిటైరయ్యాడు, పెన్షన్ ఇప్పటికీ మన ప్రభుత్వమే ఇస్తుంది. మాది హైదరాబాద్ అనగానే హిందీలో మొదలుపెట్టాడు, ఇక రాత్రి పది దాకా ఆపలేదు.

ఇక బడి. మాకు ఇచ్చిన పని ఇంగ్లిష్, లెక్కలు. నిజం చెప్పాలంటే అక్కడ మంచి టీచర్లే ఉన్నారు. బయటివాళ్లు కొద్దివారాలకి వచ్చి పాఠం మధ్యలోంచి అందుకుంటే పిల్లలకి ఒరిగేది తక్కువ. అంతకంటే మా ఆయన చేసిన పనికే విలువ ఎక్కువ: ఎవరో దానమిచ్చిన కంప్యూటర్లు అట్టపెట్టెల్లో పడి ఉంటే తీసి బాగుచేసి, ఒక టీచర్‌కి నేర్పి పెట్టాడు. నేను మధ్యాహ్నాలు ఆమాతో (ఇంటామెని అక్కడ అలాగే పిలుస్తారు) పొలానికి వెళ్లేదాన్ని. అది నవంబరు, కోదో కోతల కాలం. కోదో అంటే మన రాగులే. వెన్నులు కోసి డోకో బుట్టలో వేసి, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని మెట్లెక్కుతారు. నేను సగం బుట్టతో ఎక్కితేనే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

తిండికి టెన్షన్ లేదు. పొద్దున పదింటికి, రాత్రి ఏడింటికి దాల్‌భాత్, అడిగినంత వడ్డిస్తారు. కోదో పిండితో చేసే ఢిడో రాయలసీమ వాళ్లకి సొంతింటి సంకటే. ఎండబెట్టిన ఆకుకూర గుంద్రుక్ పులుపు నాకు రెండో రోజుకే అలవాటైంది, ఆయన మాత్రం మేం తీసుకెళ్లిన ఆవకాయనే నమ్ముకున్నాడు. జంటలు ముందే తెలుసుకోవాల్సినవి: గదిలో విడివిడి మంచాలు, పలచటి చెక్క గోడ, పెరట్లో మరుగుదొడ్డి. గొడవపడితే ఇల్లంతా వింటుంది. నేనైతే తెలుగు ఉంది కదా అని ధైర్యంగానే పడ్డాను.

లమ్‌జుంగ్ జిల్లా కేంద్రం బేసీసహర్‌లో ఒక జీపు డ్రైవరు బండి రిజర్వు అంటూ మామూలు చార్జీకి ఎన్నో రెట్లు అడిగాడు. కాసేపు ఆగితే అదే దారిలో సీటు లెక్కన షేరింగ్ జీపు దొరికింది. తొందరపడకండి. మన రూపాయికి నేపాలీ రూపాయి ఒకటీ అరవై పైసలు, ఈ లెక్క మారదు. మన వంద నోట్లు అందరూ తీసుకుంటారు. పోఖరా షాపుల్లో క్యూఆర్‌తో యూపీఐ నడుస్తుంది, ఊళ్లలో నగదే. ఏటీఎం పని బేసీసహర్‌లోనే ముగించుకోండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు, కొండచరియలు, జలగలు. అక్టోబరులో దసైన్ (మన దసరా), ఆ తర్వాత తిహార్ (మన దీపావళి), బడులు మూసేస్తారు. బడి పని కావాలంటే తిహార్ అయ్యాక వెళ్లడం నయం, కోతలు కూడా అప్పుడే. అమెరికా పాస్‌పోర్టున్న మనవాళ్లకి ఇంకో చిక్కు: టూరిస్టు వీసా 30 రోజులకి 50 డాలర్లు, దాని మీద వాలంటీరుగా పని చేయడం చట్టప్రకారం కుదరదు. వాళ్లు ఘలేగావ్ లాంటి చోట అతిథులుగా దిగి, డబ్బు నేరుగా ఇంటివాళ్లకిచ్చి, తిన్న కంచాలు కడిగిపెడితే సరి. దానికి ఏ వీసా అడ్డురాదు.