బ్యాండ్ సా మీద గుండ్రాలు కోసే జిగ్: మూడేళ్లకు మిగిలిన మెప్పు ఒక్క బోల్టుదే

బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద తిరిగే సన్న పట్టీ బ్లేడుతో చెక్క కోసే మిషన్, జిగ్ అంటే దాని టేబుల్ మీద చెక్కను పట్టి నడిపే సాధనం. ఈ జిగ్ ఎవరు చేసుకున్నా దాదాపు ఒకేలా ఉంటుంది. 18 మి.మీ. ప్లైవుడ్ పలక, టేబుల్ గాడిలో జరిగే పట్టీ, ఇరుసుగా ఒక పిన్ను. చెక్కను పిన్ను మీద కూర్చోబెట్టి తిప్పుతూ పోతే గుండ్రం వచ్చేస్తుందని అందరూ చెప్పేదే. రాదు. కనీసం రెండోసారి రాదు. మూడేళ్లుగా చపాతీ పీటలు, స్టూలు పలకలు, ఊరగాయ జాడీలకు మూతలు దీని మీదే కోస్తున్నాను కాబట్టి గట్టిగానే అంటున్నాను: ఈ మొత్తంలో మెచ్చుకోదగ్గది పలక అంచు కింద అడ్డుచెక్కకు బిగించిన ఎం6 (6 మి.మీ. మర) బోల్టు ఒక్కటే. అది లేకుండా సగం కాలం, ఉన్నాక సగం కాలం వాడాను.

ముందు ఆ అడ్డుచెక్క సంగతి. గాడిలో పట్టీ ఉంది కాబట్టి జిగ్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పిన్ను మీద చెక్క పెట్టి జిగ్ మొత్తాన్ని బ్లేడు వైపు నెడితే బ్లేడు తిన్నగా కోసుకుంటూ లోపలికి వస్తుంది. పిన్ను సరిగ్గా బ్లేడు పక్కకు వచ్చేసరికి ఆ తిన్నని కోత గుండ్రాన్ని తాకుతుంది. అక్కడ జిగ్ ఆగాలి, చెక్క తిరగడం మొదలవ్వాలి. మన వైపు అంచు కింద ఒక చెక్క బిగిస్తే అది టేబుల్ అంచుకు తగిలి జిగ్ ఆగిపోతుంది. ఆ ఆగే చోటే అసలు కీలకం. పిన్ను బ్లేడు పళ్లకు ఎదురుగా (వాటి వరసలోనే, పక్కన) ఆగిందా, మన వైపే ఉండిపోయిందా, వెనక్కి దాటిపోయిందా అన్నదాన్ని బట్టే గుండ్రం బాగోగులు.

మొదట్లో అడ్డుచెక్కను ఫెవికాల్ పెట్టి, రెండు స్క్రూలు వేసి శాశ్వతంగా బిగించాను. ఆ రోజు మిషన్ మీద 12 మి.మీ. బ్లేడుంది, దాని పళ్ల కొసలకు మూలమట్టం పెట్టి గీత గీసి పిన్ను ఆ గీతకు తెచ్చాను. 10 అంగుళాల పీటలు బాగానే వచ్చాయి, అంచు కొంచెం మాడినా గరుకు కాగితానికి పోయేది. అప్పట్లో అడిగినవాళ్లందరికీ ఈ జిగ్ గురించి గొప్పగా చెప్పాను. అదంతా 10 అంగుళాల పీటలకే వర్తిస్తుంది.

జాడీ మూతల దగ్గర బయటపడింది. 4 అంగుళాల గుండ్రాలు, 38 మి.మీ. మందం మామిడి చెక్క, అంగుళానికి 6 పళ్లున్న 6 మి.మీ. బ్లేడు. సన్న బ్లేడు కదా, ఇంకా సులువుగా తిరగాలి. సగం చుట్టు తిరిగేసరికి బ్లేడు కూత మారింది, పై గైడ్ (బ్లేడు అటూ ఇటూ పోకుండా పట్టే భాగం) దగ్గర బయటి పక్కకు వంగి కనిపించింది, పొగ వాసన. పట్టు వదలకుండా చుట్టు పూర్తి చేస్తే మొదలుపెట్టిన చోటుకీ ముగిసిన చోటుకీ మధ్య 2 మి.మీ. మెట్టు. మూత గుండ్రంగా కాదు, నత్తగుల్లలా వచ్చింది. బ్లేడు టెన్షన్ పెంచినా, గైడ్లు దగ్గరకు తెచ్చినా అంతే. కొత్త బ్లేడు వేసినా అదే మెట్టు.

కారణం చాలా మామూలుది. బ్లేడును చక్రం నడిమికి నడిపితే, 12 తీసి 6 వేసినప్పుడు పళ్ల కొస 3 మి.మీ. వెనక్కి పోతుంది. అడ్డుచెక్క మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే పిన్ను పళ్లకంటే 3 మి.మీ. మన వైపు ఉండిపోయింది. మూడు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది, లెక్క వేస్తే తెలుస్తుంది.

బ్లేడుకు వెడల్పు ఉంది, గాటు మాత్రం వంపు తిరుగుతోంది. పళ్లు గాటు మధ్యలో ఉన్నా వీపు, అంటే బ్లేడు వెనక అంచు, బయటి గోడ వైపు పోతుంది. ఎంత పోతుందో అంచనా కట్టడానికి, పిన్ను పళ్లకు ఎదురుగా ఉన్నప్పుడు, బ్లేడు వెడల్పును దానితోనే గుణించి గుండ్రం వ్యాసంతో భాగిస్తే చాలు. 6 మి.మీ. బ్లేడు, 100 మి.మీ. మూత: 36ను 100తో భాగిస్తే 0.36 మి.మీ. పిన్ను పళ్ల వరస తప్పితే, వెనక్కి జరిగిన దూరానికి రెట్టింపును గుణించే రెండు వెడల్పుల్లో ఒకదానిలోంచి తీసేయాలి, మన వైపు జరిగితే కలపాలి. నా మూతల్లో అది 6 × 12 ÷ 100, అంటే 0.72. అర మిల్లీమీటరు మందం బ్లేడుకు పళ్ల వాలు వల్ల వచ్చే గాటు ఒక మిల్లీమీటరు అనుకుంటే, ఒక్కో పక్క దొరికే సందు పావు మిల్లీమీటరే. ఆ పావులో 0.72 ఎక్కడ పడుతుంది? బయటి గోడ బ్లేడు వీపును లోపలికి నెడుతుంది, పళ్లు బయటికి మళ్లుతాయి, గుండ్రం విచ్చుకుంటూ పోతుంది. అదే ఆ మెట్టు.

ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది, పళ్లకు సరిగ్గా ఎదురుగా పెట్టమని చెప్పేవాళ్లు దీన్ని వదిలేస్తారు. పిన్నును పళ్లకంటే కాస్త వెనక్కి, బ్లేడు వెడల్పులో పావు నుంచి సగం లోపు పెడితే వీపు రాపిడి తగ్గుతుంది. ఆ మూతలకే పిన్ను 1.5 మి.మీ. వెనక్కి ఉంటే 6 × 3 ÷ 100, అంటే 0.18. సందులో హాయిగా పడుతుంది. మరీ వెనక్కి పోతే వీపు లోపలి గోడకు, అంటే మనకు కావాల్సిన గుండ్రం అంచుకు రాసుకుంటుంది. మొత్తానికి వెనక వైపు తప్పు కొంతవరకు చెల్లుతుంది, మన వైపు తప్పు అస్సలు చెల్లదు.

ఆ తర్వాతే బోల్టు వచ్చింది. పాత అడ్డుచెక్క పీకేసి, 40 మి.మీ. మందం టేకు ముక్కకు అడ్డంగా బెజ్జం వేసి, మన వైపు ముఖానికి టీ-నట్ (చెక్కలోకి దిగే ముళ్లున్న నట్) దిగ్గొట్టాను. అందులోంచి 60 మి.మీ. ఎం6 బోల్టును టేబుల్ వైపు నుంచి ఎక్కించి, తల టేబుల్ అంచుకు తగిలేలా ఉంచి, వెనక ఒక లాక్ నట్ పెట్టాను. ఎం6 మామూలు మరకు ఒక చుట్టు అంటే ఒక మిల్లీమీటరు. బోల్టును చెక్కలోకి బిగించే కొద్దీ జిగ్ ఇంకా లోపలికి వెళ్తుంది, పిన్ను వెనక్కి పోతుంది. 12 నుంచి 6కి మారితే మూడు చుట్లు, చిన్న మూతలైతే ఇంకో చుట్టున్నర. దీనికైన సామాను ఖర్చు ఒక టిఫిను ఖర్చు కన్నా తక్కువే.

సరిచూసుకోవడం ఇలా. పనికిరాని ప్లైవుడ్ ముక్కలో సగం చుట్టు కోసి మిషన్ ఆపండి, బ్లేడు పూర్తిగా నిలిచాక బ్లేడు వీపుకు రెండు పక్కలా పలచని కాగితం పట్టీ దూర్చి చూడండి. రెండు వైపులా దిగితే సరే. బయట వైపు దిగకపోతే బోల్టును అర చుట్టు లోపలికి, లోపలి వైపు దిగకపోతే అర చుట్టు బయటికి. కాగితం పెట్టే ఓపిక లేకపోతే మాడు మచ్చలు చూసినా చాలు: విడిపోయిన బయటి తునక మీద మచ్చ ఉంటే పిన్ను మన వైపు ఉంది, గుండ్రం అంచు మీద ఉంటే మరీ వెనక్కి పోయింది. రెండింటి మీదా ఉంటే బోల్టును ముట్టుకోకండి, బ్లేడు మొద్దుబారింది.

ఇంత మెచ్చుకున్నాక దాని లోపాలూ చెప్పాలి. బోల్టు తలకీ టేబుల్ అంచుకీ మధ్య పొట్టు చేరి గడ్డకడుతుంది. అర మిల్లీమీటరు పొట్టు చాలు, పిన్ను అంత మేరా మన వైపు ఉండిపోతుంది, అంటే చెల్లని వైపే. ప్రతి చెక్కకూ ముందు అక్కడ వేలితో తుడవాల్సిందే. ఆరు పలకల తల కన్నా గుండు తల బోల్టు మేలు, పొట్టు నిలవదు. రెండోది, అడ్డుచెక్క జిగ్‌ను లోపలికి పోకుండా ఆపుతుందే కానీ మన వైపు రాకుండా పట్టుకోదు. చెక్క తిప్పుతుంటే బ్లేడు దాన్ని మన వైపే నెడుతుంది, జిగ్ వెంట్రుకవాసి చొప్పున జారి వస్తుంది. ఇదీ చెల్లని వైపే. జిగ్ ఆగాక పలకను జి-క్లాంపుతో టేబుల్‌కు బిగించడం మొదలుపెట్టాకే మందం చెక్కల్లో మెట్టు పూర్తిగా పోయింది. చెక్క చెక్కకూ క్లాంపు బిగించి విప్పడం విసుగే, ఇరవై మూతలయ్యేసరికి మణికట్టు నొప్పి. టేబుల్ ముందు అంచుకు కంచె పట్టా (చెక్కను ఆనించే ఫెన్స్ జరిగే పట్టీ) ఉన్న మిషన్లకు ఈ అడ్డుచెక్క కుదరదు, పట్టాకే తగిలేలా ఎత్తు మార్చుకోవాలి.

బోల్టు బాగుచేయలేని జబ్బు కూడా ఒకటుంది. పాత తలుపు చెక్కలో ఇరుక్కున్న మేకుకు తగిలి బ్లేడు ఒక పక్క పళ్లు అరిగితే అది పదునున్న పక్కకే లాగుతుంది. అప్పుడు బోల్టును ఎన్ని చుట్లు తిప్పినా మెట్టు పోదు. జిగ్ పక్కన పెట్టి, గీత గీసిన చెక్కను చేత్తో ఒక జానెడు తిన్నగా కోసి చూస్తే తెలుస్తుంది. కొద్దిగా లాగుతుంటే, ఏ వైపు లాగుతుందో ఆ వైపు పళ్లకు సాన రాయి ఒకసారి మెల్లగా తాకించవచ్చు. బ్లేడు వీపు మూలలను రాయితో గుండ్రం చేసుకుంటే చిన్న వంపుల్లో ఇంకా హాయి, కానీ నిప్పురవ్వలు లేస్తాయి. కింది పెట్టెలో పొట్టు ఖాళీ చేయకుండా ఆ పని చేయకండి.

ఇరుసు పిన్నుకు మేకు వాడకండి, మేకు నిజంగా గుండ్రంగా ఉండదు. విరిగిన 4 మి.మీ. డ్రిల్లు బిట్ కాడ కోసి పెట్టుకుంటే, చెక్కకు అదే సైజు బిట్‌తో వేసిన బెజ్జంలో వదులు లేకుండా కూర్చుంటుంది. పైకి 6 మి.మీ. ఉండాలి, చెక్క అడుగున బెజ్జం 8 మి.మీ. లోతు. అడుగున బొడ్డు కనపడకూడదనుకుంటే చిన్న ప్లైవుడ్ బిళ్లకు బెజ్జం వేసి రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. బిళ్ల చెక్కను పైకి ఎత్తుతుంది, కాబట్టి అదే మందం ముక్కలు మరో రెండు అతికించకపోతే చెక్క ఊగుతుంది. కొలత తీసేటప్పుడు పిన్ను నడిమి నుంచి పిన్ను వైపు వాలిన పంటి కొస వరకు కొలవాలి, బ్లేడు రేకు వరకు కాదు.

పిన్ను జరిపే పట్టీని మొదట్లో చాలా పొగిడాను. టేకుతో చేసి, పలకలో పావురం తోక (డవ్‌టైల్) గాడిలో జరిగేలా పెట్టాను, ఏ సైజైనా నిమిషంలో మార్చుకోవచ్చని. వానలు మొదలవగానే ఉబ్బి బిగుసుకుపోయింది, సుత్తితో కొడితే గానీ కదలలేదు. చిత్రిక పట్టి సన్నం చేస్తే ఏప్రిల్‌లో గలగలలాడింది, పిన్ను పక్కకు ఊగింది. ఇప్పుడు దాని చోట 12 మి.మీ. ప్లైవుడ్ పట్టీ, దానికి వరసగా నాలుగు స్థిర బెజ్జాలు, నేను కోసే నాలుగు సైజులకు. రకరకాల సైజులు కోసేవాళ్లకు జరిగే పట్టీయే కావాలి, అల్యూమినియం దొరికితే అది వాడండి.

ఎవరికి పనికొస్తుందంటే, నా దగ్గరున్నది 14 అంగుళాల (చక్రం వ్యాసం) మిషన్, చెక్క 25 నుంచి 50 మి.మీ. మందం, ఒకే సైజు పదుల్లో కావాలి. ఈ లెక్కన నాకు ఇది నప్పింది. 18 మి.మీ. ప్లైవుడ్‌లో నెలకు రెండు గుండ్రాలు కోసేవాళ్లకు రూటర్‌కు (గిర్రున తిరిగే బిట్‌తో కోసే చేతి మిషన్) ఒక కాడ తగిలిస్తే సరిపోతుంది, అంచు ఇంతకంటే నునుపుగానూ వస్తుంది. 24 అంగుళాలు దాటిన టేబుల్ పలకలకు నేనూ రూటరే వాడతాను, అంత బరువు పిన్ను మీద తిరిగేటప్పుడు ఒక పక్కకు వాలి బ్లేడును మెలిపెడుతుంది. పచ్చి వేప, పచ్చి మామిడి అయితే ఏ పరికరంతో కోసినా ఆరాక అడ్డంగా ఎక్కువ కుంచించుకుని కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, దానికి జిగ్‌ను తప్పుపట్టకండి.

బోల్టు పక్కన టేకు ముక్క మీద పెన్సిలుతో మూడు గీతలున్నాయి: 12, 6, మూత. దేనికి బోల్టును ఎంతవరకు బిగించాలో ఆ గుర్తులు. 6 అని అమ్మిన బ్లేడ్లలో కొన్ని కొలిస్తే పావు అంగుళం, అంటే 6.35 ఉంటున్నాయి. అందుకని గీత చూసి తిప్పినా కాగితం పట్టీ మాత్రం ఇంకా జేబులోనే ఉంచుకుంటున్నాను.