సెరాఫీన్: రంగులు నూరే చేతుల సినిమా

చిత్రకారుల జీవితాల మీద వచ్చే సినిమాలు చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే బాధ, ప్రేమలు, తాగుడు, గొడవలు అన్నీ ఉంటాయి కానీ అసలు బొమ్మ ఎలా వేస్తారో మాత్రం సరిగ్గా చూపించరు. 2008లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ‘సెరాఫీన్’ చూశాక ఆ కొరత తీరింది.

పారిస్‌కి ఉత్తరాన ఉన్న సాన్లిస్ అనే చిన్న ఊళ్లో నాలుగిళ్లల్లో పనిచేసుకుని బతికిన సెరాఫీన్ లూయీ కథ ఇది. పగలంతా నేల తుడవడం, దుప్పట్లు ఉతకడం, రాత్రయితే గది తలుపేసుకుని బొమ్మలు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దేవదూత వేయమంటేనే వేస్తున్నానని నమ్మేది. దర్శకుడు మార్టిన్ ప్రోవో ఎక్కడా తొందరపడడు. మాంసం కొట్లో చూపు మరలగానే ఆమె చిన్న సీసాలోకి నెత్తురు వంచుకుంటుంది, చర్చి కొవ్వొత్తుల దగ్గర కరిగిన మైనం తీసుకుంటుంది, దారిలో మొక్కలు, మట్టి ఏరుకుంటుంది, ఇదంతా ఎందుకో మనకెవరూ చెప్పరు. రాత్రి నేల మీద కూర్చుని అవన్నీ నూరి, కలిపి, చర్చి పాటలు పాడుకుంటూ వేలితో అద్దుతున్నప్పుడు అర్థమవుతుంది. సెరాఫీన్‌గా వేసిన యోలాండ్ మోరో నటిస్తోందని ఒక్కసారి కూడా అనిపించలేదు, ఆ బరువైన నడక, పనికి అలవాటుపడిన ఆ చేతులు చాలు. ఫ్రాన్స్‌లో సినిమాలకిచ్చే పెద్ద అవార్డులైన సెజార్‌లు ఈ సినిమాకి 7 వస్తే అందులో ఉత్తమ నటి ఆవిడే.

పికాసో బొమ్మల్ని మొదట్లోనే కొన్న జర్మన్ విల్‌హెల్మ్ ఊడె ఆ ఊళ్లో అద్దెకి దిగుతాడు. ఇంటావిడ భోజనానికి పిలిస్తే అక్కడ ఓ మూల చిన్న ఆపిల్ పళ్ల బొమ్మ కనిపిస్తుంది. వేసింది తన గది తుడిచే మనిషేనని తెలిసి అతను నోరెళ్లబెట్టడం, అంతవరకు ఆ బొమ్మని చులకనగా చూసిన ఇంటావిడ ముఖం, ఈ సీన్ మాత్రం మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. 1914లో యుద్ధం రాగానే అతను పారిపోతాడు, మళ్లీ 1927లో గానీ ఆమెని వెతుక్కుంటూ రాడు. అప్పటికి ఆమె మనిషెత్తు కాన్వాసుల మీద పూలు, ఆకులు వేసే స్థాయికి వెళ్తుంది.

నచ్చనిది చివరి భాగం. 1932లో ఆమెని పిచ్చాసుపత్రిలో చేర్చాక అంతా గబగబా చుట్టేశారు. ఆమె 1934లోనే చనిపోయిందని ఊడె చెప్పాడు, నిజానికి ఆమె 1942 దాకా అక్కడే ఉంది. సినిమా దీని జోలికి పోకుండా అతన్ని మరీ మంచివాడిగా వదిలేసింది, ఇది నాకు అన్యాయంగానే అనిపించింది.

నెమ్మదిగా సాగుతుంది, మాటలు తక్కువ, సబ్‌టైటిల్స్‌తో పెద్ద ఇబ్బందేమీ ఉండదు. ఫోన్‌లో మాత్రం చూడకండి, ఆమె ఆకుల్లోని ఎరుపులు, ఆకుపచ్చలు అంత చిన్న తెర మీద ఆనవు.