పూలు నందంబాక్కంలో పెట్టాం

మా నాన్నకు బాబాయి ఒకాయన రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగి రాలేదు. శవమూ రాలేదు. బర్మాలో అలా ఆచూకీ లేకుండా పోయిన దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి కానీ, నాన్న అంత దూరం ప్రయాణం చేయలేరు. "మద్రాసులోనైనా పూలు పెట్టి వద్దామే అమ్మాయ్" అన్నారు. తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఎగ్మూరులో దిగాం.

స్టేషను పక్కనే తీసుకున్న లాడ్జిలో లిఫ్టు లేదు. 74 ఏళ్ల మనిషి మూడు అంతస్తులు ఎక్కారు. మర్నాడే ఆలందూరు మెట్రో దగ్గరి గెస్ట్‌హౌస్‌కి మారాం. అద్దె ఎక్కువే, అయినా పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు మొదటే అక్కడ దిగడం నయం. మేం పూలు పెట్టాలనుకున్న యుద్ధ శ్మశానం ఉన్న నందంబాక్కం అక్కణ్ణుంచి ఆటోలో కొద్ది దూరమే.

మొదటి రోజు మెరీనా మొదట్లో ఉన్న విక్టరీ వార్ మెమోరియల్ చూశాం. మొదటి ప్రపంచ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టింది. గంభీరంగా ఉంది కానీ మేం చూసింది బయటి నుంచే. ఎండ, హారన్లు. పది నిమిషాల్లో వెనుదిరిగాం.

నందంబాక్కం యుద్ధ శ్మశానంలో మాత్రం రెండు గంటలున్నాం. టికెట్ లేదు. దక్షిణ, తూర్పు భారతంలో చెదురుమదురుగా ఉన్న సమాధులను ఒకచోటికి తెచ్చేందుకు 1952లో ఏర్పాటు చేశారు. రెండో యుద్ధంలో పోయిన 856 మంది ఇక్కడున్నారు. పచ్చిక అంత శ్రద్ధగా కత్తిరించిన చోటు నేను మా జిల్లాలో చూడలేదు. తోటమాలి నాన్నకు నీడలో చోటు చూపించి, తాగడానికి నీళ్లు తెచ్చిచ్చాడు.

ఈ యుద్ధ శ్మశానాల్లో గుర్తు తెలియని సైనికుడి రాయి మీద 'దేవుడికి తెలిసినవాడు' అనే అర్థమొచ్చే మాటలు చెక్కుతారు. వాటిని ఎంచింది ఆంగ్ల రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్. ఆయన కొడుకు జాన్ 1915లో ఫ్రాన్సులో జరిగిన లూస్ యుద్ధంలో గల్లంతయ్యాడు. అది చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పారు. శవం కళ్లారా చూడలేదు కదా అని, మహాలయ పక్షంలో ఆ కొడుకు పేరున తర్పణం వదలనిచ్చేది కాదట.

వెనకవైపు 1914–18 స్మారకం ఉంది. సమాధులు దేశంలో ఎక్కడెక్కడో ఉండిపోయి, వాటిని చూసుకునే వీలు లేక, వెయ్యి మందికి పైగా సైనికుల పేర్లు ఇక్కడ చెక్కారు. నాన్న బంతిపూలు అక్కడ పెట్టారు. చెప్పులు విడిచి, గోత్రంతో సహా బాబాయి పేరు పైకి చెప్పారు.