65 అంగుళాల టీవీకి ఆర్మ్ స్టాండు: ఇనుము గట్టిదే, మార్చాల్సింది స్క్రూల పొట్లం

గోడమీంచి బయటికి లాగి, అటూ ఇటూ తిప్పుకునే రెండు చేతుల ఆర్మ్ స్టాండును బెజవాడ, గుంటూరు షాపుల్లో ఇప్పుడు 55, 65 అంగుళాల టీవీలతోపాటే అంటగడుతున్నారు. బ్రాండు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. గోడకు బిగించే ప్లేటు, మడతపడే చేతులు, టీవీ వెనక పట్టే రెండు పట్టీలు, ఒక కవరు నిండా స్క్రూలు, ప్లగ్గులు. ఇన్ని కిలోలు మోస్తుందని డబ్బామీద పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె ఇనుముది, మీ గోడకి దాంతో సంబంధం లేదు.

లెక్క వేసి చూడండి. టీవీ 25 కిలోలనుకుందాం. గోడకు అంటిపెట్టుకుని ఉండే ఫిక్స్‌డ్ స్టాండులో ఆ బరువు దాదాపు నేరుగా కిందికే దిగుతుంది. అదే టీవీని 50 సెంటీమీటర్లు ముందుకు లాగితే, ప్లేటులో పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య 20 సెంటీమీటర్లే ఉంటే, పై బోల్టులను గోడలోంచి పీకే బలం 25×50÷20, అంటే 62 కిలోల పైమాటే. కిందికి దిగే 25 కిలోలు దీనికి అదనం. పిల్లలు పట్టుకుని వేలాడితే చెప్పక్కర్లేదు. కాబట్టి కొనేముందు డబ్బా తెరిపించి ప్లేటు ఎత్తు కొలవండి. నిలువునా రంధ్రాల మధ్య దూరం 20 నుంచి 30కి పెరిగితే అదే లాగుడు 42 కిలోలకు పడిపోతుంది.

ఇక మన గోడలు. పాత ఇళ్లలోని తొమ్మిదంగుళాల ఎర్రిటుక గోడకి బెంగలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం బూడిద పక్కనే దొరుకుతుంది కాబట్టి ఇటీవలి ఇళ్లకు బూడిద ఇటుకలు బాగా వాడారు. అపార్ట్‌మెంట్లలో ఏఏసీ బ్లాకులూ (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు) కనిపిస్తాయి, హాలుకీ బెడ్‌రూముకీ మధ్య గోడ చాలాచోట్ల నాలుగంగుళాలే. ఏ గోడో తెలియకపోతే టీవీ వెనక దాగిపోయే చోట 6 ఎం.ఎం. బిట్‌తో ఒక రంధ్రం వేసి చూడండి. మొదటి 12 నుంచి 20 ఎం.ఎం. వరకు వచ్చేది ప్లాస్టరింగు పొడి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత ఎర్రపొడి వస్తే మట్టి ఇటుక. బూడిదరంగు పొడి వస్తూ బిట్టు మొండికేస్తే బూడిద ఇటుక, లేదా కాంక్రీటు. డ్రిల్లులో హ్యామర్ (దెబ్బ కొడుతూ తొలిచే మోడ్) వేయకుండానే బిట్టు సర్రున దిగి తెల్లటి మెత్తని పొడి రాలితే ఏఏసీ.

కవరులో వచ్చే ప్లాస్టిక్ ప్లగ్గులు ఎర్రిటుకకీ కాంక్రీటుకీ పర్వాలేదు, అదీ ప్లగ్గు మొత్తం ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగితేనే. సగం ప్లాస్టరింగులో ఉన్న ప్లగ్గు పట్టులేనట్టే. బూడిద ఇటుకకైతే ఆ పొట్లం పక్కన పడేసి మంచి నైలాన్ ప్లగ్గులు 10 ఎం.ఎం.వి తెచ్చుకోండి. రంధ్రం ఇటుక అంచుకీ సిమెంటు అతుక్కీ దూరంగా పడాలి. స్టీలు యాంకర్ బోల్టు ఇందులో వేస్తే, బిగించేకొద్దీ విచ్చుకుని ఇటుకను చీలుస్తుంది. ఆ బోల్టు పిల్లర్‌కో బీముకో పనికొస్తుంది. ఏఏసీకి హ్యామర్ ఆపేసి డ్రిల్ చేయాలి, ఏఏసీకే చేసిన పొడుగు ప్లగ్గులు గానీ, కెమికల్ యాంకర్ (రంధ్రంలో నింపితే గట్టిపడి బోల్టును పట్టుకునే మందు) గానీ వాడాలి. నాలుగంగుళాల ఏఏసీ గోడకు మాత్రం ఆర్మ్ స్టాండు వద్దనే చెబుతాం. తప్పదంటే గోడ అవతలికి బోల్టు తీసి, అటువైపు ఇనుప పట్టీ వేసి నట్టు బిగించాలి. బెడ్‌రూములో ఆ పట్టీ కనిపిస్తుంది మరి.

స్క్రూ బిగిస్తుంటే ప్లగ్గు తనూ తిరుగుతోందంటే రంధ్రం పెద్దదైపోయిందని అర్థం. అందులో అగ్గిపుల్లలు దోపి బిగించేవాళ్లున్నారు, ఒప్పుకోకండి. 12 ఎం.ఎం. ప్లగ్గుకి మారాలి, లేదా కెమికల్ యాంకర్ నింపి మందు పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. రంధ్రంలో పొడి ఊదకుండా ప్లగ్గు కొట్టినా పట్టు తగ్గుతుంది. స్విచ్‌బోర్డుకీ టీవీ పాయింటుకీ నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టొద్దు, కరెంటు వైర్ల పైపులు వెళ్లేది ఆ దారినే.

మాన్యువల్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అందులో ఎక్కువ బొమ్మలు కర్రచట్రాల గోడలకు, అవి మన దగ్గరెక్కడివి?

హాల్లో ప్లైవుడ్ ప్యానెల్ కొట్టించినవాళ్లకు ఇంకో చిక్కు. స్టాండు ప్యానెల్‌మీద కాదు, గోడమీదే నిలవాలి. 18 ఎం.ఎం. ప్లై, వెనక 25 ఎం.ఎం. ఖాళీ, 15 ఎం.ఎం. ప్లాస్టరింగు, ఇటుకలో 50 ఎం.ఎం. పట్టు కలిపితే స్క్రూ 110 ఎం.ఎం. కావాలి. పొట్లంలోది అంత పొడుగుండదు. ఆ ఖాళీలో చెక్కముక్కలు పెట్టకుండా బిగిస్తే ప్యానెల్ లోపలికి వంగుతుంది, కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది.

టీవీ వైపు పని తేలిక. వెనక రంధ్రాల దూరం (అడ్డం×నిలువు, ఎం.ఎం.లో) 400×300, 400×400 లాంటిది ఏదో మోడల్ పుస్తకంలో చూసి పట్టీకి సరిపోతుందో లేదో తేల్చుకోండి. బోల్టు ఎం6 కావచ్చు, ఎం8 కావచ్చు. చేత్తోనే తిప్పండి. రెండు చుట్లకే ఆగితే పొట్టి బోల్టు. పొడుగైతే లోపలి ప్యానెల్‌ని పొడుస్తుంది, వాషరో స్పేసరో వేసుకోవాలి.

తిప్పుడు గురించి డబ్బా చెప్పే 60, 90 డిగ్రీలు చిన్న టీవీలకు. 65 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 145 సెంటీమీటర్లు, చెయ్యి 50 సాగితే దాదాపు 40 డిగ్రీల దగ్గర అంచు గోడకు తగులుతుంది. సోఫా బాగా పక్కకుంటేనే ఈ స్టాండుకి డబ్బులు పెట్టండి, ఎదురుగా కూర్చునే ఇంటికి ఫిక్స్‌డ్ చాలు. అయితే ఫిక్స్‌డ్ వెనక మూడు సెంటీమీటర్ల సందే ఉంటుంది, మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు. సాకెట్ టీవీ అంచుకి జరపాలి.

మా మార్కులు: ఇనుముకి అయిదుకి నాలుగు, కీళ్లకు మూడు, ఎందుకంటే చాచి ఉంచితే ఒక పక్కకు వాలుతుంది, లెవెల్ స్క్రూ మళ్లీ సర్దుకోవాలి. స్క్రూల పొట్లానికి ఒకటి. బిగించడానికి వచ్చినవాళ్లు టీవీ ఎత్తబోయేముందు చేతులు పూర్తిగా చాపించి, చివర 25 కిలోల బియ్యం బస్తా తాడుతో కట్టించి పావుగంట వదిలేయండి. ప్లేటు పై అంచుకీ గోడకీ మధ్య కాగితం దూరేంత సందు వచ్చినా టీవీ ఎక్కించొద్దనండి.